ఆయుధపూజకు ఆపిన సర్వరు

పెళ్లాం చచ్చినవాడు పూజ చేశాడు కాబట్టి సర్వరు చచ్చిపోయిందని ఫ్యాక్టరీలో ముప్ఫై ఎనిమిది మంది నమ్మారు. అందులో చదువుకున్నవాళ్లు ముందు నమ్మారు.

ఆ పెళ్లాం చచ్చినవాడు త్రిమూర్తులు. నాచారంలో స్ప్రింగులు చుట్టే ఆ ఫ్యాక్టరీలో ఇరవై మూడేళ్ల నుంచి ఉన్నాడు. మొదట ఫిట్టరు. వేళ్లు మొద్దుబారాక స్టోర్సు అప్పగించారు. చదువు తణుకు దగ్గర పల్లెటూరి బళ్లో పదో తరగతి వరకు. ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు గానీ, ఒకసారి చదివింది మరిచిపోడు. ఎవరైనా అన్న మాట కూడా మరిచిపోడు.

స్టోర్సులో అతనిదో పద్ధతి ఉంది. ఏ మిషను గేటు దాటి లోపలికి వచ్చినా దానికి ఒక అట్టముక్క రాయించేవాడు. ఎలా నడపాలి, ఎలా ఆపాలి, బిగించింది ఎవరు. కింద బిగించినవాడి సంతకం. ఆ అట్టముక్కలన్నీ బీరువాలో వరసగా ఉండేవి. ఏ మిషను ఎప్పుడు ఆగింది, మళ్లీ ఎప్పుడు నడిచింది అన్నది రిజిస్టరులో రాసేవాడు. కుర్రకారు నవ్వేవాళ్లు. అతను నవ్వేవాడు కాదు.

రెండువేల ఏడు నవంబరులో సర్వరు వచ్చింది. వచ్చిందంటే, యజమాని ఉమామహేశ్వర్ బావమరిది చంద్రశేఖర్ తెచ్చాడు. అమీర్‌పేటలో మూడు నెలలు ఏదో కోర్సు చేసి వచ్చి, బావగారి ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూస్తానన్నాడు. ఆఫీసు పక్కన చిన్న గదిలో ఒక నల్ల డబ్బా పెట్టాడు. అందులో విండోస్ కాదు, లినక్స్ అన్నాడు. ఏ స్ప్రింగు ఏ తీగతో చుట్టారు, ఏ రోజు పరీక్షించారు, ఎంత బరువుకి ఆగింది, ఆ సర్టిఫికెట్లన్నీ అందులోకి ఎక్కించారు. ఆఫీసులో ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా ఒక పేజీ తెరిస్తే చాలు, అన్నీ కనిపిస్తాయి. బయటి ఇంటర్నెట్‌తో పని లేదు. ఫ్యాక్టరీ లోపలిదే.

గేటు పాసు మీద సంతకానికి వచ్చినప్పుడు త్రిమూర్తులు ఖాళీ అట్టముక్క ముందుకు తోశాడు.

"కంప్యూటరుకి అట్టముక్కేంటండీ? స్విచ్చి నొక్కితే వస్తుంది."

"రాయండి."

"ఇది లేతు మిషననుకున్నారా?"

"రాయండి బాబూ. రాయకపోతే పాసు మీద సంతకం పెట్టను."

చంద్రశేఖర్ నవ్వుకుంటూ ఇంగ్లీషులో ఒక లైను, దాని కింద పాస్‌వర్డు గీకి, సంతకం పెట్టి విసిరేశాడు. త్రిమూర్తులు దాన్ని బీరువాలో పెట్టాడు.

ఆ డబ్బా పదకొండు నెలలు ఆగలేదు. కరెంటు పోతే బ్యాటరీ అందుకునేది, బ్యాటరీ నీరసించేలోపు జనరేటరు అందుకునేది. ఆగడానికి దానికి దసరా రావాల్సి వచ్చింది.

దసరాకి ముందురోజు ఫ్యాక్టరీలో ఆయుధపూజ. పూజకి ముందురోజు సాయంత్రమే ప్రతి మిషనూ ఆపాలి. ఏడాది పొడుగునా చాకిరీ చేసిన ఇనుముకి ఒక్క రాత్రి నిద్ర ఇవ్వాలని ఉమామహేశ్వర్ తండ్రి పెట్టిన ఆచారం. పొద్దున పసుపు, గంధం, కుంకుమ, బంతిపూలు. హారతి అయ్యాక ఒక్కో మిషను ముహూర్తానికి నడిపి, గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టి, పులిహోర తిని ఇళ్లకు పోవాలి. పూజకు కూర్చునేది అందరికన్నా పాత పనివాడు, అతని భార్య. అంటే పదేళ్లుగా త్రిమూర్తులు, సత్యవేణి.

సత్యవేణి రెండువేల ఏడు జనవరిలో పోయింది. ఆ ఏడు సంవత్సరీకం కాలేదు కనుక అతను కూర్చోలేదు. రెండువేల ఎనిమిదిలో ఉమామహేశ్వరే పిలిచి చెప్పాడు.

"ఈసారి మీరే కూర్చోవాలి త్రిమూర్తులు గారూ. మీ చెయ్యి పడితేగానీ మిషన్లకి కళ రాదు."

కూర్చున్నాడు. పక్క పీట ఖాళీగా ఉంది. ఎవరో దాన్ని తీసేయబోతే ఉండనివ్వమన్నాడు. తర్వాత లేతు మీద, ప్రెస్సు మీద, చుట్టే మిషన్ల మీద పసుపునీళ్లు చల్లి బొట్లు పెట్టాడు. సర్వరు గది దగ్గరకొచ్చేసరికి చెంబు గుమ్మం బయటే దించేశాడు. కరెంటు వస్తువు దగ్గర నీళ్లేమిటని. డబ్బా అంచు మీద ఉంగరపు వేలితో ఒక్క బొట్టు, ఒక్క బంతిపువ్వు. అంతే. హారతయ్యాక స్విచ్చి నొక్కాడు. తెర మీద తెల్ల అక్షరాలు పరిగెత్తాయి. డబ్బా హోరు మొదలైంది. రిజిస్టరులో రాసుకున్నాడు: ఆపింది నిన్న సాయంత్రం ఆరూ అయిదు, నడిపింది ఇవాళ పదకొండూ పది.

అన్ని మిషన్లకీ అట్టముక్క చూసి నడిపాడు. దీనికి చూడలేదు. కంప్యూటరే కదా, స్విచ్చే కదా అనుకున్నాడు. ఆ తప్పు తనది. దానికి తనని తాను క్షమించుకోలేదు గానీ, అది వేరే సంగతి.

శుక్రవారం పొద్దున కంప్యూటర్ ఆపరేటరు అమ్మాయి పేజీ తెరవలేదంది. మధ్యాహ్నానికి చంద్రశేఖర్ డబ్బా మూత విప్పి చేత్తో తడిమాడు. వేలికి ఎర్రగా అంటింది.

"ఇదిగో చూడండి! కుంకుమ నీళ్లు లోపలికి దిగాయి. బోర్డు షార్టయింది."

"నేను నీళ్లు చల్లలేదు" అన్నాడు త్రిమూర్తులు.

"మరిదేంటండీ?"

"తుప్పు. గ్రైండింగు పక్క గది ఇది. మీ చొక్కా జేబు విదిలించినా రాలుతుంది."

ఎవరూ వినలేదు. సోమవారం మధ్యాహ్నం సరుకు కొనే కంపెనీ నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడు. సర్టిఫికెట్లు చూపించకపోతే సరుకు కదలదు. చంద్రశేఖర్ అప్పటికే తీర్పు చెప్పేశాడు. సోమవారం పొద్దున సికింద్రాబాదు నుంచి మనిషి వస్తాడు, డిస్కు ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కిస్తాడు, ఉన్నది పోతే పోయినట్టే, కాగితాల నుంచి మళ్లీ ఎక్కించుకోవాలి. గదికి తాళం వేసి, "ఎవరూ ముట్టుకోవద్దు, ముఖ్యంగా పూజారి గారు" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

శనివారం టీ వేళకి పాండురంగ స్టోర్సు కిటికీ దగ్గరకొచ్చాడు. చుట్టే మిషను మీద పని చేస్తాడు. త్రిమూర్తులుతో పదహారేళ్ల స్నేహం.

"అన్నా, ఒక మాట చెప్త. కోపానికి రావద్దు."

"చెప్పు."

"చాయ్ బండి కాడ చంద్రశేఖర్ సార్ అంటున్నడు. ఆలి లేనోడు పూజకు కూసుంటే గిట్లనే అయితదట. ఖాళీ పీట పెట్టుకొని పూజ జేసిండు, గందుకే మిషన్ సచ్చిందట."

త్రిమూర్తులు లెక్కపెడుతున్న బోల్టుల దగ్గర ఆగాడు.

"ఎవరెవరున్నారు?"

"అందరున్నరు."

"ఎవరేమన్నారు?"

పాండురంగ నేల చూశాడు. "ఏమంటరన్నా. గట్ల జరుగుతయని ఒకలిద్దరు అన్నరు. ఊకో. వచ్చే ఏడు నువ్వు కూసోకు, అయిపాయె. ఎందుకీ లొల్లి."

"నువ్వేమన్నావు?"

పాండురంగ పనికి వేళయిందన్నట్టు మిషన్ల వైపు చూశాడు. త్రిమూర్తులు కిటికీ తలుపు మూశాడు. పదహారేళ్లలో ఆ కిటికీ పాండురంగ ముఖం మీద మూయడం అదే మొదలు. బోల్టులు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. నూట నలభై నాలుగు. మొదటిసారీ అంతే వచ్చింది.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ మద్దెల కూడా కాదు. చచ్చిపోయిన సత్యవేణి. ఎవడికో పని రాకపోతే, దాని కారణం దాదాపు రెండేళ్ల కిందట దవాఖానాలో కన్నుమూసిన ఆడమనిషట. సోమవారం ఆ డిస్కు తుడిచేస్తే ఇక అంతే. కొత్తగా ఎక్కించింది నడుస్తుంది, పాతది త్రిమూర్తులు చేతిలో చచ్చినట్టు ఖాయమవుతుంది. కాదనడానికి ఏమీ మిగలదు.

ఉప్పల్లో, చిలకానగర్ వైపు అతనిది రెండు గదుల ఇల్లు. పైవాటాలో అద్దెకుండే తారామణి కంప్యూటర్లు నేర్పే చోట పాఠాలు చెబుతుంది. నలభై దాటిన మనిషి. సత్యవేణి ఉన్నప్పుడు రోజూ కిందికి దిగేది. తర్వాత దిగలేదు. త్రిమూర్తులూ పిలవలేదు. ఆ సాయంత్రం అతనే మెట్లెక్కి గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఖాళీ పీట సంగతి చెప్పలేదు.

"తెర మీద అక్షరాలు వచ్చాయా బాబాయి గారూ?"

"వచ్చాయి. చివర లాగిన్ అని ఉండి మెరుస్తోంది. నిన్న కూడా చూశాను."

"అయితే బోర్డు ఎక్కడ షార్టయింది? షార్టయితే అక్షరాలెలా వస్తాయి?" తారామణి నవ్వింది. "మిషను బతికే ఉంది. దాని మీద చేసే పని ఆగింది. రెండూ వేరు. మీ స్టోర్సే అనుకోండి. తలుపు తెరిచి ఉంది, లైటు వెలుగుతోంది, కిటికీ దగ్గర మనిషి లేడు. వచ్చినవాడు ఎంత పిలిచినా ఎవరు పలుకుతారు?"

"ఆ మనిషేడి?"

"నిద్రపోతున్నాడు. మిషను లేచినప్పుడల్లా ఎవరెవర్ని లేపాలో దానికో జాబితా ఉంటుంది. ఇతని పేరు అందులో రాసి ఉండరు. పెట్టిన రోజు చేత్తో లేపేసి వెళ్లిపోయి ఉంటారు. పదకొండు నెలలు ఆగలేదు కనక తెలియలేదు. ఎప్పుడు ఆపినా ఇదే అవుతుంది. పూజకేం సంబంధం?"

ఆ చివరి మాట త్రిమూర్తులు మళ్లీ చెప్పించుకున్నాడు.

తారామణి ఒక కాగితం మీద ఇంగ్లీషులో లైన్లు రాసిచ్చింది. నిద్రపోతున్నాడో లేదో అడగడానికొకటి, లేపడానికొకటి, జాబితాలో పేరు ఎక్కించడానికొకటి. "మరచిపోయాను. కిటికీ దగ్గరి మనిషి ఒక్కడే కాదు. లోపల బీరువాలోంచి సర్టిఫికెట్లు తీసిచ్చేవాడు ఇంకొకడుంటాడు, డేటాబేసు అని. ఒకడు లేచి ఒకడు లేవకపోయినా లాభం లేదు. పేరు మార్చి ఇవే లైన్లు కొట్టండి. ఇంకో సంగతి, మిషను తనకి జరిగిందంతా లోపల రాసుకుంటుంది. లాగ్ అంటారు. మీ రిజిస్టరు లాంటిదే. అదీ చూడండి." కాస్త ఆగి అంది, "నేను కూడా రానా బాబాయి గారూ?"

"వద్దమ్మా."

ఆదివారం పదింటికి నాచారం వెళ్లాడు. ప్రతి తాళానికీ రెండో చెవి స్టోర్సులో ఉంటుందని చంద్రశేఖర్‌కి తెలియదు. చెవీ, అట్టముక్కా తీసుకుని గది తెరిచాడు. నాలుగు రోజుల బంతిపువ్వు డబ్బా మీదే కుళ్లుతోంది. రెండు వేళ్లతో తీసి బయట పారేశాడు.

తెర మీద లాగిన్ మెరుస్తూనే ఉంది. అట్టముక్క మీది పాస్‌వర్డు ఒక్కో అక్షరం వెతికి నొక్కాడు. రెండుసార్లు పొమ్మంది. మూడోసారి రానిచ్చింది. ముందు తారామణి చెప్పిన లాగ్ తెరిచి, వేలితో తెర మీద లైను లైనూ పట్టుకుంటూ చదివాడు. ఆరూ అయిదుకి ఆగింది. పదకొండూ పదికి లేచింది. అతని రిజిస్టరూ, దాని రిజిస్టరూ ఒకటే చెబుతున్నాయి. ఆ తర్వాత లేచినవన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కోదాని పక్కన ఓకే అని. దెబ్బ తిన్నట్టు ఎక్కడా లేదు. పేజీ చూపించేదాని పేరే ఆ వరసలో లేదు.

ఉన్నావా అని అడిగే లైను కొట్టాడు. ఆగి ఉన్నాను అని జవాబు వచ్చింది.

అప్పుడు అట్టముక్క మళ్లీ చూశాడు. చంద్రశేఖర్ నవ్వుకుంటూ గీకిన లైను, తారామణి రాసిచ్చిన లేపే లైను, అక్షరం తేడా లేకుండా ఒకటే. అంటే వాడికి తెలుసు. చేత్తో లేపాలని తన చేత్తోనే రాసి, సంతకం పెట్టి, మరిచిపోయాడు. మరిచిపోయినా పరవాలేదు. వచ్చి అట్టముక్క అడిగితే ఒక్క నిమిషం పని. అడగలేదు. చాయ్ బండి దగ్గరకెళ్లి సత్యవేణిని లాక్కొచ్చాడు.

ఉమ్మి వేయాలనిపించింది. గది కనక మింగేశాడు.

"ఎవరు గాడ?" అంటూ చీపురుతో సత్తమ్మ వచ్చింది. ఆదివారం ఆఫీసు ఊడ్చి తుడిచేది ఆమె. "నువ్వా! మల్ల తిడ్తరన్నా. పో."

"పోతాను. పని అయ్యాక."

లేపే లైను కొట్టాడు. కుడి పక్కన పచ్చగా ఓకే వచ్చింది. ఆఫీసులోకి వెళ్లి అక్కడి కంప్యూటరులో పేజీ తెరిచాడు. తెరుచుకుంది గానీ ఖాళీగా, మధ్యలో ఒక్క ఇంగ్లీషు వాక్యం. కూడబలుక్కున్నాడు. డేటాబేసు అందడం లేదు. అట్టముక్క మీద దాని మాటే లేదు. చంద్రశేఖర్ రాసింది కూడా సగమే. తిరిగి వెళ్లి, రెండోవాడి పేరుతో అవే లైన్లు కొట్టాడు. ఓకే. మళ్లీ ఆఫీసుకి. ఈసారి పేజీ నిండా సర్టిఫికెట్లు. తీగ నంబర్లు, తేదీలు, బరువులు. ఒక్కటి పోలేదు.

ఆ తర్వాత ఇద్దరి పేర్లూ జాబితాలోకి ఎక్కించాడు. ఎక్కించి, మిషను ఆపేశాడు.

సత్తమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో! మంచిగ నడుస్తుంటే ఎందుకు ఆపినవ్?"

"రిపేరు చేసిన మిషను ఒకసారి ఆపి నడపకపోతే రిపేరు చేసినట్టు కాదు."

స్విచ్చి నొక్కాడు. అక్షరాలు పరిగెత్తాయి. ఇద్దరి పేర్లూ వరుసలో వచ్చాయి, పక్కన ఓకే, ఓకే. ఆఫీసుకి వెళ్లి చూస్తే పేజీ దానంతటదే తెరుచుకుంది. గదికి తిరిగొచ్చి త్రిమూర్తులు కుర్చీలో కూలబడ్డాడు.

సత్తమ్మ గుమ్మంలో నిలబడి తెర వైపూ అతని వైపూ చూసింది. "నీళ్లు నువ్వు సల్లలే. చెంబు గీ గుమ్మం బయట పెట్టినవ్. నేను సూసిన."

"మరి శుక్రవారం చెప్పలేదేం?"

"నన్నెవలు అడిగిన్రు?" చీపురు గోడకు ఆనించింది. "ఆలి లేనోని చేతుల సచ్చిందట! నేను మొగుడు సచ్చినదాన్ని. రోజూ గీ రూము ఊడుస్త, దాని మీద దుమ్ము తుడుస్త. మరి నా చేతుల సావలే?"

త్రిమూర్తులు అట్టముక్క తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వే గద అన్నా" అంది సత్తమ్మ. గొంతులో కోపం లేదు. "అమ్మ ఉన్నప్పుడు, పూజ కాడ. హారతి పడుతుంటే నన్ను జర పక్కకు నిలబడమన్నవ్. ప్రతి ఏడు అన్నవ్."

అన్నాడు. ప్రతి ఏడూ అన్నాడు. ఒక ఏడు బస్సులో ఇంటికెళ్తూ సత్యవేణి అడిగింది కూడా, ఆవిడ ఊడ్చిన నేల మీదే కదండీ మనం కూర్చున్నది, అని. అతను కిటికీలోంచి బయటికి చూశాడు. చంద్రశేఖర్ మీద పుట్టిన రోత అంతా ఒక్కసారి తన మీదికి తిరిగింది. లేచి గదికి తాళం వేశాడు.

సోమవారం పొద్దున పేజీ తెరుచుకుంది. ఆపరేటరు అమ్మాయి కేక పెట్టింది. సికింద్రాబాదు మనిషిని వాకిట్లోంచే పంపేశారు. చంద్రశేఖర్ డబ్బా మీద చెయ్యి వేసి చూసి, అందరికీ వినబడేలా అన్నాడు.

"తడి ఆరిపోయిందండీ. రెండు రోజులు గాలి తగిలింది కదా. అందుకే తాళం వేసి ఎవర్నీ ముట్టుకోవద్దన్నాను."

అందరూ తలలూపారు. పాండురంగ కూడా.

ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్లాక త్రిమూర్తులు ఉమామహేశ్వర్ గదిలోకి వెళ్లాడు. బల్ల మీద అట్టముక్క, రిజిస్టరు, తారామణి కాగితం పెట్టాడు. జరిగింది చెప్పాడు. ఉమామహేశ్వర్ తెలివైనవాడు. అంతా విన్నాడు. అట్టముక్క మీది సంతకం రెండుసార్లు చూశాడు. లేచి తలుపు మూసి వచ్చాడు.

"నాకు అర్థమైంది త్రిమూర్తులు గారూ. తప్పు మావాడిదే. మీరు చాలా గొప్ప పని చేశారు."

"ఆ మాట బయట చెప్పండి."

"మా ఆవిడ తమ్ముడండీ. నలుగురిలో ఏం చెప్పమంటారు? రేపట్నుంచి వాడి మాట ఎవరు వింటారు?"

"నా మాట ఎవరూ వినక్కర్లేదా?"

"మిషను నడుస్తోంది, సరుకు వెళ్తోంది. పెద్దవారు, మీరే మరిచిపోవాలి." కాగితాలు జాగ్రత్తగా మడిచి వెనక్కి ఇచ్చాడు. "వచ్చే ఏడు పూజకి నేనూ, మా ఆవిడ ధనశ్రీ కూర్చుంటాంలెండి. మీకెందుకు శ్రమ."

అబద్ధాన్ని నమ్మినవాడి మీద జాలిపడొచ్చు. నిజం తెలిసీ పీట మార్చినవాణ్ణి ఏం చేయాలి? త్రిమూర్తులు కాగితాలు తీసుకుని స్టోర్సుకి వచ్చి, అట్టముక్కను దాని చోట పెట్టాడు. తారామణికి జవాబు చెప్పాలి కనక ఆ సాయంత్రం మెట్ల కింద నిలబడి, "నడిచిందమ్మా" అని ఒక్క ముక్క అన్నాడు.

మళ్లీ దసరా వచ్చింది. ముందురోజు సాయంత్రం మిషన్లన్నీ ఆపారు. పొద్దున ఉమామహేశ్వర్, ధనశ్రీ పట్టుబట్టలతో రెండు పీటల మీద కూర్చున్నారు. చంద్రశేఖర్ దగ్గరుండి సర్వరుకి బంతిపూల దండే వేయించాడు. ధనశ్రీ పసుపునీళ్లు చల్లింది. గదిలో కూడా చల్లింది. ఎవరూ వద్దనలేదు. హారతయ్యాక అందరూ సర్వరు గది ముందు గుంపు కట్టారు. లేతునీ ప్రెస్సునీ ఎవరూ పట్టించుకోలేదు. ధనశ్రీ స్విచ్చి నొక్కింది.

ఆఫీసులోంచి ఆపరేటరు అమ్మాయి అరిచింది. "వచ్చేసింది! పేజీ దానంతటదే వచ్చేసింది!"

చప్పట్లు కొట్టారు. "దంపతుల చేత్తో చేయిస్తే ఇలా ఉంటుంది" అన్నాడు చంద్రశేఖర్. "చూశారా, నేను ముట్టుకోనైనా లేదు."

"మస్తుగ వచ్చింది సార్" అన్నాడు పాండురంగ. అన్నాక, వెనక నిలబడ్డ త్రిమూర్తులు కనబడి పక్కకు జరిగాడు.

ఉమామహేశ్వర్ చూపు గుంపు మీదుగా వచ్చి ఒక్క క్షణం త్రిమూర్తులు ముఖం మీద ఆగింది. మరుక్షణం చేతిలో ఉన్న హారతి పళ్లెంలోకి దిగిపోయింది.

పేజీని లేపింది ధనశ్రీ చెయ్యి కాదు. ఏడాది కిందట, ఆదివారం పూట, ఒక మొద్దు వేలు వెతికి వెతికి కొట్టిన రెండు లైన్లు. అవి ఉన్నంతకాలం ప్రతి దసరాకీ అది దానంతటదే లేస్తుంది. లేచిన ప్రతిసారీ అతను దోషి అవుతాడు. తన మీది అబద్ధానికి సాక్ష్యాన్ని తన చేత్తోనే తయారుచేసి పెట్టాడు.

పులిహోర దొన్నె ఎవరో చేతిలో పెట్టారు. దొన్నె కిటికీ గట్టు మీద పెట్టి స్టోర్సులోకి వెళ్లాడు. రిజిస్టరు తీశాడు. ఆపింది నిన్న ఆరూ పది. నడిచింది ఇవాళ పదకొండున్నర. పక్కన గళ్లో ఎవరు నడిపారని ఉంటుంది. అక్కడ "దానంతటదే" అని రాశాడు.

సత్తమ్మ వచ్చి కిటికీ అవతల నిలబడింది. పూజ అయ్యేదాకా ఈ ఏడు గేటు దగ్గరే నిలబడింది. ఎవరూ చెప్పక్కర్లేకుండానే.

"ఏందన్నా, గట్ల ఊకున్నవ్? గా కాగితాలు లోపలనే ఉన్నయ్ గద. తీస్కపోయి అందరి ముంగట పెట్టు. నువ్వు పెట్టకుంటే నేను చెప్త. నేను సూసిన, నువ్వు ఆపుడు సూసిన, నడుపుడు సూసిన."

"చెప్పకు."

"ఎందుకు చెప్పద్దు?"

త్రిమూర్తులు రిజిస్టరు మూసి బీరువాలో పెట్టాడు. బీరువాకి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని, కిటికీ దగ్గరకొచ్చి, ఏళ్లలో మొదటిసారి సత్తమ్మ ముఖంలోకి సూటిగా చూశాడు.

"లోపలికొచ్చి కూర్చో. ఇక్కడెవరూ నిన్ను పక్కకు నిలబడమనరు. కానీ నిజం తెలిసినవాడే పీట మార్చాడు. ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను. నువ్వడిగినా, వాళ్లే వచ్చి అడిగినా, మళ్లీ ఈ నోట ఆ మాట రాదు."

సత్తమ్మ ఇంకేదో అనబోయింది.

"రాదన్నాను."